తప్పక చూడవలసిన జలపాతం

బెండిగో
అక్టోబరు 20, 1996

ఒరేయ్ మెర్విన్,

నువ్వు క్షేమమేనని అనుకుంటున్నాను. నేను మాత్రం అంత బాగాలేను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా రాసుకోవచ్చు.

ఆగస్టులో ఒక పెళ్ళిగౌను కుడుతుంటే కుట్టు వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ వంకరే. మూడోసారి విప్పుతుండగా పెళ్ళికూతురి తల్లి వచ్చి, తిన్నగానే ఉంది కదా, ఎందుకు విప్పుతున్నారని అడిగింది. వంకర కుట్టులో లేదు, నా కంట్లో ఉంది. మెల్బోర్న్ వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించుకున్నాను. కంటి వెనక పొర పాడైందట. కుడికంట్లో నడిమి చూపు అప్పుడే పోయింది. ఎడమకన్నూ అదే దారిలో ఉంది. జూన్‌లో చలి మొదలయ్యేసరికి అదీ అయిపోతుందన్నాడు. అంచులు మాత్రం మిగులుతాయట. ముఖం చూడాలంటే చెవి వైపు చూడాలన్నమాట. మందు లేదు.

మీ బావ హెరాల్డ్ పోయి ఏడాది దాటింది. పదహారేళ్ళుగా నువ్వు ప్రతి వానాకాలం, అక్కా ఒక్కసారి వచ్చి చూడు, ఇది చూడకుండా చావకూడదు అని రాస్తూనే ఉన్నావు. ఆయన ఊపిరితిత్తులను, ఆ ఆక్సిజన్ సిలిండర్లను వదిలి కదల్లేక నేను రాలేదు. ఇప్పుడు వస్తున్నాను. నీ ఉత్తరాలన్నీ బిస్కట్ల డబ్బాలోంచి తీసి భూతద్దం పెట్టి చదివి, చూడవలసినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఉబిర్ కొండ రాళ్ళ మీద ఆదివాసులు గీసిన బొమ్మలు, నువ్వు నడిపే పడవ, నువ్వు పేర్లు పెట్టిన మొసళ్ళు, ఇంకా ఏవేవో ఉన్నాయి. వాటిలో ఏది తప్పిపోయినా ఏడవను. జిమ్ జిమ్ జలపాతం మాత్రం నాకు కావాలి. అదీ నువ్వు రాసినట్టు, జనవరి వానల్లో, కొండ అంచు మీంచి ఉరుముతూ పడేటప్పుడు చూడాలి.

జనవరి పదకొండున దిగుతాను. ఒక మంచం చూసి పెట్టు.

నీ అక్క,
ఎల్వా


కూయిండా, కకడూ
నవంబరు 4, 1996

అక్కా,

నీ ఉత్తరం పడవ దగ్గరే చదివాను. ఆ దెబ్బకి పదింటి పడవ పదింబావుకి కదిలింది. బెంబేలు పడకు. డాక్టర్లు ముందు కొండంత చెప్పి తర్వాత గోరంతకు దిగుతారు. మన అమ్మకీ చివర్లో మసక వచ్చింది, అయినా తొంభై దాకా పేకాటలో నన్ను ఓడిస్తూనే ఉంది కదా. క్యారెట్లు తిను.

జనవరిలో మాత్రం రావద్దు. పదహారేళ్ళుగా రమ్మంటున్నది నేనే, ఒప్పుకుంటాను. కానీ జనవరిలో ఇక్కడ ఏం చూస్తావు? ఈ నెలంతా వాన రాదు, ఉక్క మాత్రం ఉంటుంది. మనుషులకు ఒళ్ళు తెలియదు. నిన్న వంటింట్లో ఇద్దరు గరిటె కోసం కొట్టుకున్నారు. డిసెంబరు చివర వాన దిగుతుంది, దిగిందంటే జిమ్ జిమ్ దారికి గొలుసు కట్టేస్తారు. అరవై కిలోమీటర్ల మట్టిదారి నీళ్ళ కిందకి పోతుంది. మళ్ళీ నీళ్ళు తీసి, కకడూ పార్కు వాళ్ళు మడుగులో మొసళ్ళను ఏరేస్తే గాని గొలుసు విప్పరు. ఇక్కడ అందరూ అనే మాటే: వానల్లో జలపాతం ఉంటుంది, దారి ఉండదు. ఎండల్లో దారి ఉంటుంది, జలపాతం ఉండదు. ఎవరూ దాని గురించి బాధపడరు.

జూన్‌లో రా. జీపులో నేనే తీసుకెళ్తాను. ఎంతో కొంత నీళ్ళు పడుతుంటాయి.

నీ తమ్ముడు,
మెర్విన్


బెండిగో
నవంబరు 15, 1996

ఏరా,

క్యారెట్లు తింటున్నాను. ఒక పక్క తింటూ ఇంకో పక్క నిన్ను తిట్టుకుంటున్నాను.

నేను రాసింది చదివావా, లేక ఒడ్డున పక్షుల్ని చూస్తూ తిరగేశావా? జూన్‌కి నా ఎడమకన్ను కూడా పోతుందని రాశాను. జనవరిలో ఏం చూస్తావంటావు. జూన్‌లో ఏం చూడాలి నేను? నీ జీపు తలుపా? పైగా జూన్‌లో ఆ జలపాతం ఎలా ఉంటుందో నువ్వే రాశావు. 1989లో ఎవరో పెర్త్ ఆయన దాని ముందు నిలబడి, ఇంతేనా అని అడిగాడని, నీకు నవ్వాగలేదని రెండు పేజీలు రాశావు. ఆ ఇంతేనా అన్నది చూడడానికా నేను మూడు వేల కిలోమీటర్లు రావడం?

దారి లేకపోతే చిన్న విమానాలు ఉన్నాయిగా. జబిరు నుంచి వానల్లో యాత్రికులను ఎక్కించి జలపాతం మీద తిప్పుతారని నువ్వే రాశావు. నువ్వూ ఎక్కి చూశానన్నావు. 1988 ఫిబ్రవరి ఉత్తరం నా ముందే ఉంది: "ఆ ఉరుము పక్కటెముకల్లోకి దిగుతుంది అక్కా, మాట్లాడబుద్ధి కాదు." తీరా నేను వస్తానంటే ఉక్క, గొలుసు అంటున్నావు. ఇంట్లో ఎవరినైనా తెచ్చి పెట్టుకుని నాకు చూపించడానికి సిగ్గుపడుతున్నావా? ఆ మాటే చెప్పు. నాకేం అభ్యంతరం లేదు, వంట చేస్తే చాలు.

టికెట్టు కొనేశాను.

ఎల్వా


కూయిండా
నవంబరు 30, 1996

అక్కా,

ఇంట్లో ఎవరూ లేరు. ఒక బల్లి ఉంది, వంట చేయదు.

నా మాట విని టికెట్టు మార్చుకో. జనవరిలో పరుపుకి బూజు పడుతుంది, బూట్లలో కప్పలు ఉంటాయి, తుపాను వస్తే డార్విన్ దారీ మూసేస్తారు. విమానాలంటావా, గాలివాన చూసుకుని ఎగురుతాయి, ఎగరకపోతే రోజుల తరబడి షెడ్డులో కూర్చోవాలి. వాన రాకడ ప్రాణం పోకడ అంటారు, దాన్ని నమ్ముకుని ఇంత దూరం వస్తావా? గ్రేమ్ అని ఒక పైలట్ ఉన్నాడు, మంచివాడే. ఆ విమానం మాత్రం నాకంటే పాతది.

నీకు తోచదని దుకాణంలో ఉన్న జిమ్ జిమ్ కార్డులు ఆరూ కొని ఇందులో పెట్టాను. అన్నీ వానాకాలంలో తీసినవే. తీరిగ్గా చూసుకో. ఇంతకంటే బాగా పైనించీ కనిపించదు.

మీ పక్కింటి డోరీన్‌కి మన ఇంటి విషయాలన్నీ ఎందుకు చెప్తున్నావు? ఆవిడ నాకు విడిగా ఉత్తరం రాసింది, నేను రాయిలాంటి మనిషినట.

మెర్విన్


బెండిగో
డిసెంబరు 12, 1996

మెర్విన్,

కార్డులు చేరాయి. చూపు పోతున్నదానికి బొమ్మలు పంపే తెలివి నీకే తట్టాలి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, నువ్వు పంపినందుకు కాదు, పక్కింటి డోరీన్ ఒక్కొక్కటీ పట్టుకుని నాకు వర్ణించి చెప్తుంటే వినాల్సి వచ్చినందుకు కడుపు మండింది.

అలా వింటుంటే ఒక అనుమానం వచ్చింది. డబ్బా మళ్ళీ తీశాను. 1984లో అక్కడ మూడు ధారలు పడతాయని రాశావు. 1988లో ఒకటే ధార. 1991లో నీళ్ళు ఎర్రమట్టి రంగు. 1994లో పాల తెలుపు. ఈ కార్డుల్లో నువ్వు చెప్పినట్టు ఒక్కటీ లేదంటుంది డోరీన్. ఏడాదికోరకంగా పడుతుందేమో, నాకేం తెలుసు, ఊరుకునేదాన్నే.

కానీ విమానంలోంచి చూశానని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. నీకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకు ఎక్కి దిగలేక ఏడుస్తుంటే నిన్ను వీపున వేసుకుని దించింది నేను. ఎత్తంటే భయమని చెప్పి సైన్యంలో చేరకుండా నువ్వు తప్పించుకున్న సంగతీ నాకు తెలుసు. మా ఇంట్లో బల్బు మార్చడానికి కుర్చీ ఎక్కనన్నావు. నువ్వు విమానం ఎలా ఎక్కావురా?

నిజం రాయి. అబద్ధమైతే అసలు రాయకు, పదకొండున వచ్చి నేనే అడుగుతాను.

ఎల్వా


కూయిండా
డిసెంబరు 24, 1996

అక్కా,

ఎక్కలేదు.

ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను. వానల్లో జిమ్ జిమ్ నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎండల్లో చూశాను, ఇంతేనా అన్నది పెర్త్ ఆయన కాదు, నేనే. వచ్చిన మొదటి ఏడాది. కానీ పడవ ఎక్కిన ప్రతివాడూ అడుగుతాడు, వానల్లో జలపాతం ఎలా ఉంటుందండీ అని. ఇక్కడే ఉండేవాడివి, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నట్టు చూస్తాడు. చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. పైలట్లు సాయంత్రం తాగుతూ చెప్పుకునేవి విని చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది అంతే. చూడకుండానే చెప్తాం, బాగానే చెప్తాం కూడా. మూడు ధారలు చెప్పిన పైలట్ వేరు, ఒకటి చెప్పిన వాడు వేరు.

పడవలో చెప్పి చెప్పి నీకూ అదే రాశాను. రాస్తే నీకు అక్కడ హెరాల్డ్ మంచం పక్కన కాస్త బాగుంటుందనిపించేది. రా రా అన్నాను గాని, నువ్వు నిజంగా రాగలవని నేను అనుకోలేదు. కన్ను గురించి రాశావు, నాకు భయమేసింది, అందుకే క్యారెట్ల మాట రాశాను. అది కూడా క్షమించు.

రా. గ్రేమ్‌తో మాట్లాడాను. నీతోపాటు నేనూ ఎక్కుతాను.

మెర్విన్


కూయిండా
జనవరి 29, 1997

అక్కా,

ఇల్లు చేరావని డోరీన్ కార్డు వచ్చింది. నువ్వు వెళ్ళాక వాన తగ్గింది, అది దాని బుద్ధి.

ఆ ఎనిమిది రోజులూ నిన్ను షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రేకుల మీద వాన వింటూ ఉంటే నాకు నా మీదే అసహ్యమేసింది. ఉబిర్ దారిలో వాగు పొంగి బొమ్మలు చూడడం కుదరలేదు. నా పడవలో తిప్పాను గాని మొసళ్ళు ఒక్కటీ పైకి రాలేదు. నువ్వు ఒక్క మాట అనలేదు, అంటే తేలికపడేవాణ్ణి. తొమ్మిదో రోజు గ్రేమ్ వచ్చి గంట తెరిపి ఉంది పదండి అన్నప్పుడు నన్ను నువ్వే లోపలికి తోశావు.

చక్రాలు నేల విడవగానే కళ్ళు మూసుకున్నాను. తెరుద్దామని ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ దాని పక్కనే ఉండి కూడా నేను చూడలేకపోయినందుకు ఇంతకుముందు సిగ్గుగా ఉండేది, ఇప్పుడు లేదు. ఎలా ఉందని అడిగితే నువ్వు నా చెవిలో అరిచి చెప్పావే, తెల్ల శాటిన్ తాను కొండ మీంచి జారవిడిచినట్టుందని, నువ్వు రాసింది రాసినట్టే ఉందిరా అని. ఆ ఒక్క మాట నాకు చాలు. పదహారేళ్ళ అబద్ధం ఎలాగో నిజమైంది. దిగాక షెడ్డు వెనక వాంతి చేసుకుంటూ కూడా నవ్వాను.

ఇప్పుడు పడవలో శాటిన్ మాటే చెప్తున్నాను. నిన్న ఒకావిడ రాసుకుంది.

నువ్వు చూశావు. అది చాలు.

మెర్విన్


బెండిగో
ఫిబ్రవరి 9, 1997

మెర్విన్,

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. గీత మీద గీత పడుతోంది. ఎడమకన్ను డాక్టరు చెప్పిన గడువు దాకా ఆగేలా లేదు.

పడవలో ఆ శాటిన్ మాట చెప్పడం మానెయ్. నా మాటలు ఊరందరికీ పంచడం నాకిష్టం లేదు. ఊరికే మానెయ్, ఎందుకని అడగొద్దు.

ఎల్వా


కూయిండా
ఫిబ్రవరి 22, 1997

అక్కా,

ఎందుకని అడగొద్దన్నావు, అడగలేదు. నిన్న గ్రేమ్ నోట విన్నాను.

పెట్రోలు బంకు దగ్గర కలిశాడు. ఆ రోజు మనల్ని దించగానే ఎవరో రోగిని తీసుకురావడానికి పరుగెత్తాడు కదా, అందుకని అప్పుడు మాట్లాడలేకపోయాడట. పాపం మీ అక్క, అన్నాడు. కొండ అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చాం, మబ్బు తప్ప ఒక్క చుక్క నీళ్ళు కనిపించలేదు, అయినా ఆవిడ థాంక్స్ చెప్పి దిగింది, చాలా మర్యాద మనిషి, అన్నాడు.

 అతను వెళ్ళాక కూడా నేను అక్కడే ఉన్నాను.

ఎందుకు చెప్పావు అలా? నేను అబద్ధాలకోరునని తెలిసి, నన్ను కడిగేసి, మళ్ళీ నువ్వే ఒకటి చెప్తావా? నెల రోజులుగా నేను సుఖంగా నిద్రపోతున్నాను. ముప్పై నలభై మందికి ఆ శాటిన్ గురించి చెప్పాను. నువ్వు ఏమీ చూడకుండా వెళ్ళిపోయావు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో వారం ఉంచేవాణ్ణి, గ్రేమ్ కాళ్ళు పట్టుకునేవాణ్ణి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. నా చేతుల్లోంచి తీసేశావు ఆ అవకాశం.

నాకు చాలా కోపంగా ఉంది, అక్కా.

మెర్విన్


బెండిగో
మార్చి 6, 1997

మెర్విన్,

చేతిరాత డోరీన్‌ది, మాటలు నావి. ఆవిడ మర్యాదగా మార్చి రాయబోతే ఆపాను.

నీకు కోపం వచ్చిందా? మంచిది. గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత అంటారు. ఆ రోజు విమానంలో నా కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదురుగా అంతా తెలుపే. ముందు నా కన్నే పూర్తిగా పోయిందనుకున్నాను. తర్వాత పక్కకి తిరిగితే నువ్వు కనిపించావు, అంచుల్లోంచి. యాభై ఏడేళ్ళ మనిషివి, కళ్ళు బిగించుకుని, నా మణికట్టు పట్టుకుని, అక్కా ఎలా ఉంది అని అడిగావు. మబ్బురా, ఏమీ లేదురా అని ఎలా చెప్పను? చెప్తే మళ్ళీ ఎక్కుదామంటావు. నిన్ను మళ్ళీ అలా చూడడం నా వల్ల కాదు. అందుకని చెప్పేశాను. నోటికి శాటినే వచ్చింది, జన్మంతా కుట్టింది అదే కాబట్టి.

ఇక నా కోపం విను. విమానం గురించి కాదు. పదహారేళ్ళలో ఒక్క ఉత్తరంలో నువ్వు నిజం రాసి ఉంటే, అక్కా నాకు ఎక్కడానికి భయం, నువ్వొచ్చి చూసి నాకు చెప్పు అని ఒక్క ముక్క రాసి ఉంటే, హెరాల్డ్‌ని ఒక వారం వాళ్ళ చెల్లెలికి అప్పజెప్పి వచ్చేదాన్ని. మంచి కళ్ళున్నప్పుడు. నువ్వు అంత బాగా చూసి రాస్తున్నావు, నా బదులు చూస్తున్నావు కదా, నాకు తొందరేముందిలే అనుకుంటూ కూర్చున్నాను. నీ ఉత్తరాలే నన్ను ఆపాయిరా. ఆ సంగతి నీకు చెప్పకూడదనే అనుకున్నాను.

డోరీన్ ఎదురుగా కూర్చుని రాస్తోంది. ఆవిడ ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంది. ఎడమకన్ను కూడా అయిపోయింది. ఇక నాకు చూపించడానికి నువ్వేం తంటాలు పడనక్కర్లేదు. రాసేదుంటే చూసింది రాయి. లేకపోతే వానలెలా ఉన్నాయో రాయి.

నీ అక్క,
ఎల్వా


కూయిండా
మార్చి 30, 1997

అక్కా,

డోరీన్ గారూ, దయచేసి ఇది మెల్లగా చదవండి, మధ్యలో మీ అభిప్రాయం చెప్పకుండా.

ఈ ఉదయం గ్రేమ్ పక్కన కూర్చుని ఎక్కాను. ఆకాశం కడిగినట్టుంది. ముందు చాలాసేపు నా బూట్లు చూశాను, తర్వాత కిటికీ గొళ్ళెం చూశాను. కొండ వచ్చింది అని అతను చెప్పాక తల తిప్పాను.

చప్పుడు లేదక్కా. పదహారేళ్ళు ఉరుము ఉరుము అని రాశాను. పైనించి ఆ ఉరుము వినపడనే వినపడదు, ఇంజను మోత తప్ప. నీళ్ళు పడుతున్నట్టు కూడా ఉండదు, అక్కడ నిలబడి ఉన్నట్టు ఉంటాయి. ధారలు నేను లెక్కపెట్టినవి నాలుగు, నాలుగోది సన్నగా కుడిపక్కన విడిగా ఉంది. అంచు దగ్గర నీళ్ళు టీ డికాక్షన్ రంగు, కిందికొచ్చేకొద్దీ తెలుపు. శాటిన్‌లా లేదు, క్షమించు, దులిపిన పిండిలా ఉంది. అడుగున మడుగు కనిపించలేదు, అంతా తుంపర. కొండ పైన చదునుగా ఎక్కడ చూసినా సన్నటి వాగులు, అన్నీ అటే వస్తున్నాయి. ఇంత నీరు ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఇన్నేళ్ళూ తోచలేదు, ఎవరూ అడగలేదు కూడా.

నాకు విపరీతంగా భయమేసింది. చొక్కా తడిసిపోయింది. నీకు చూపించవలసింది నేను చూశాను, నువ్వు చూడలేదు. అది ఇక సరిచేయలేను. నీ కోపం తగ్గించుకోమని అడగను.

మొదటి చుట్టు కళ్ళు మూసుకోకుండా ఉండడంతోనే సరిపోయింది, బుర్రకి ఏమీ ఎక్కలేదు. గ్రేమ్ వెనక్కి తిప్పుతుంటే ఇంకో చుట్టు తిరగమని నేనే అడిగాను. పైన రాసిందంతా ఆ రెండో చుట్టులో నీ కోసం చూసింది.

నీ తమ్ముడు,
మెర్విన్